తదితరులు

ముందే చెప్పేస్తున్నాను, గ్లోరి మంచి పిల్ల. ఈ మాట నా చేత ఎవరూ బలవంతాన చెప్పించడం లేదు. అయినా మొన్న వేసవిలో ఆ అమ్మాయి పేరు చెవిన పడితే చాలు, నా ఒళ్లు మండిపోయేది. మంచివాళ్లని చూసి కుళ్లుకోవడంలో ఉన్న ఇబ్బంది ఏంటంటే, తిట్టుకుందామన్నా ఏమీ దొరకదు.

తిరువూరు మెయిన్ బజార్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ బిందెలూ గిన్నెలూ కొన్నవాళ్లకి వాటి మీద పేర్లు కొట్టి ఇస్తాను. చేత్తో పట్టుకునే చిన్న మిషను, జుయ్యిమంటూ అక్షరాలు చెక్కుతుంది. 'మురళీకృష్ణ చేత్తో పేరు పడితే ఆ గిన్నె సొట్టపోయినా పేరు పోదు' అని బజార్లో చెప్పుకుంటారు. ముప్ఫై ఏళ్ల అనుభవం మీద నేను తెలుసుకున్నదేంటంటే, మన జనానికి ఇచ్చే గిన్నె కంటే గిన్నె మీద పేరు ముఖ్యం. గిన్నెకి చిల్లున్నా సర్దుకుంటారు గానీ పేరు లేకపోతే ఊరుకోరు.

ఇక నా రెండో వ్యాపకం. అందులో పేరు కొట్టడమనేదే లేదు. తెలుగు వికీపీడియా ఉంది కదా, ఇంటర్నెట్లో ఉండే విజ్ఞాన సర్వస్వం. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్నైనా ఇంకెవరైనా దిద్దొచ్చు. జీతాల్లేవు, వ్యాసం కింద రాసినవాడి పేరూ ఉండదు. కావాలంటే 'చరిత్ర' అని పైన ఒకటి ఉంటుంది, అది నొక్కితే ఏ వాక్యం ఎవరు ఏ రోజు చేర్చారో మొత్తం వస్తుంది. చదవడానికి వచ్చినవాడు అది నొక్కిన పాపాన పోడు.

పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం బేరాల్లేక తిరువూరు అని కొట్టి చూస్తే రెండంటే రెండే లైన్లు వచ్చాయి. ఒకటి ఊరు ఎక్కడుందో, రెండోది జనాభా. మా ఊరికి రెండు లైన్లా అని పౌరుషం పొడుచుకొచ్చి మూడోది నేను చేర్చాను. 'తిరువూరులో మొట్టమొదటి రైసుమిల్లును 1937లో చినపిచ్చయ్య స్థాపించారు. దాని ఇంజను మద్రాసు నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చింది.' చినపిచ్చయ్య మా తాత. నేను పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఫోటో కూడా లేదు. మిల్లు సంగతి మా నాన్న చెప్పిందే. ఎడ్లబండ్లు మాత్రం నేను తోలుకొచ్చాను, వాక్యానికి కాస్త నిండుదనం ఉంటుందని.

ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ వ్యాసాన్ని పెంచాను. చుట్టుపక్కల ఊళ్లకీ రాశాను. మా ఆవిడ పద్మజ నా కంప్యూటర్ని చిన్నిల్లు అనేది. అననిచ్చాను.

గ్లోరి మూడేళ్ల కిందట ఎవరి గృహప్రవేశానికో బిందె కొనడానికి వచ్చింది. రెడ్డిగూడెం దేవానందం మాస్టారి కూతురు, ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. బిందె మీద పేరు పడేలోపు నా కంప్యూటర్ వైపు తొంగిచూసి అదేంటండి అని అడిగింది. నేనే చెప్పాను. నేనే ఖాతా తెరిపించాను. మూలం ఎలా ఇవ్వాలో కూడా నేనే నేర్పాను. మూలమంటే రాసిన మాటకి సాక్ష్యం, అచ్చులో ఉన్న పుస్తకమో పేపరో. 'నోటి మాట మూలం కాదమ్మా, చెప్పింది మా నాన్నయినా సరే' అన్నాను ఆ రోజు దర్జాగా. ఆ అమ్మాయి బ్యాగులోంచి నోట్సు తీసి రాసుకుంది. నన్ను గురువుగారూ అనడం అప్పుడే మొదలుపెట్టింది, నాకూ ముద్దుగానే ఉండేది.

ఏకు మేకవడానికి ఏడాది పట్టింది. ఆదివారం చర్చి అవగానే షేర్ ఆటో ఎక్కి ఏదో ఒక ఊరు పోయేది. విస్సన్నపేట మామిడి మార్కెట్టు ఫోటోలు తీసుకొచ్చింది. ఎ.కొండూరు మండలంలో ఒక్కో ఊరికీ వెళ్లి పాత కాగితాలు ఎవరింట్లో ఉన్నాయో కనుక్కుంది. నేను కొట్లో కూర్చుని జనాభా లెక్కల పుస్తకం చూసి 'ఈ గ్రామమున ఒక చెరువు కలదు' అని రాస్తే, ఆ అమ్మాయి వెళ్లి ఆ చెరువులో నీళ్లున్నాయో లేవో చూసొచ్చేది.

వికీలో ఒకళ్లకొకళ్లు పతకాలు ఇచ్చుకుంటారు. నిజం పతకం కాదు, బొమ్మ. నాకు పన్నెండేళ్లలో ఒక్కటి వచ్చింది, అదీ పదేళ్లు నిండినందుకు అందరితో పాటు. గ్లోరికి ఒక్క ఏడాదిలో నాలుగు. బొమ్మే కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. చెప్పుకుని మళ్లీ ఆ అమ్మాయి పేజీ తెరిచి లెక్కపెట్టేవాణ్ణి.

ఏప్రిల్లో అసలు దెబ్బ తగిలింది. వికీ మొదటి పేజీలో వారానికో వ్యాసం పెడతారు. బాగున్నవాటిని ఏరి, నలుగురూ పరీక్షించి, ఒక వారం పాటు తెలుగు వాళ్లందరికీ కనబడేట్టు ఉంచుతారు. మా తిరువూరు వ్యాసాన్ని దానికి ప్రతిపాదించారు. నేను పన్నెండేళ్లుగా కలలు కన్న సంగతి అది. నిర్వాహకుల్లో సాయికుమార్ అని ఒకాయన ఉన్నాడు, హైదరాబాదులో ఉంటాడు, నేను ముఖం చూసింది లేదు. ఆయన వ్యాసం చర్చ పేజీలో ఇలా రాశాడు: 'గ్లోరి గారు, తదితరుల విశేష కృషితో తిరువూరు వ్యాసం ఈ స్థాయికి వచ్చింది.'

తదితరులు అంటే నేను. ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని చరిత్ర పేజీ మొత్తం వెతికాను. కామాలు సరిచేసినవాళ్లు ఇద్దరు ఉన్నారు. మిగతా తదితరులంతా నేనే.

ఇంటికెళ్లి పద్మజతో చెప్పుకున్నాను. పన్నెండేళ్ల చాకిరీ, మొన్న వచ్చిన పిల్ల, కృతజ్ఞత లేని లోకం, అన్నీ చెప్పాను. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ మొత్తం విని, "శుభలేఖలో పేరు వేయలేదని అలిగిన మేనత్తలా ఉన్నారండి" అంది. అన్నం సహించలేదు. పెరుగన్నం మాత్రం తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్లో కూర్చుని పని మొదలుపెట్టాను. వికీలో ఒక సదుపాయం ఉంది. ఏ వాక్యానికైనా మూలం లేదనిపిస్తే దాని చివర 'మూలం కావాలి' అని చిన్న చీటీ అంటించొచ్చు. ఆ చీటీలున్న వ్యాసాన్ని మొదటి పేజీకి ఎక్కనివ్వరు. తిరువూరు వ్యాసంలో చరిత్ర, పరిశ్రమలు అన్న భాగాలని గ్లోరి తిరగరాసి కొత్తగా పేర్చింది. అవన్నీ ఆ అమ్మాయివే కదా అని, వాక్యం చివర చుక్క కనబడటం ఆలస్యం, చీటీ అంటించుకుంటూ పోయాను. చదవలేదు. చదివితే బాగుందనిపిస్తుందని భయం. మొత్తం పద్నాలుగు చీటీలు. అంతా నాణ్యత కోసమే చేస్తున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను గానీ, ఒక్కో చీటీ అంటిస్తుంటే ఎంత హాయిగా ఉందో నాకు తెలుసు.

గ్లోరి ఏడవలేదు, అలగలేదు. ఒక్కొక్క చీటీకీ మూలం వెతికి పెట్టడం మొదలుపెట్టింది. లైబ్రరీలో జిల్లా వివరాలుండే పాత గెజిటీర్లు తిరగేసింది, పాత పేపర్లు చూసింది. ప్రతి దానికీ చర్చ పేజీలో 'గురువుగారు గుర్తుచేయబట్టి దొరికింది' అని రాసేది. పది రోజుల్లో పదమూడు తీరిపోయాయి. దిద్దితే ఇలా దిద్దాలని నలుగురూ మెచ్చుకున్నారు. అయిదో పతకం కూడా వచ్చింది. నేను బురద జల్లబోతే అది ఆ అమ్మాయికి గంధమై కూర్చుంది.

ఒకటి మాత్రం మిగిలిపోయింది. రోజూ చూసేవాణ్ణి, పదమూడు దగ్గరే ఆగింది. నా ప్రాణం లేచొచ్చింది. చర్చ పేజీలో కాస్త గంభీరంగానే రాశాను: 'ఇంకా ఒక వాక్యానికి మూలం రాలేదు. ఊరి కబుర్లకి విజ్ఞాన సర్వస్వంలో చోటు ఉండకూడదు. మూలం ఇవ్వలేని పక్షంలో రాసినవారే తొలగించడం మర్యాద.'

సాయంత్రానికి సాయికుమార్ జవాబిచ్చాడు. 'మురళీకృష్ణ గారూ, మిగిలింది రైసుమిల్లు వాక్యమండి. పేజీ చరిత్ర చూస్తే పన్నెండేళ్ల కిందట మీరే చేర్చినట్టుంది. మూలం మీ దగ్గరే ఉండాలి.'

తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. మా తాత మీద చీటీ అంటించింది నేనే. ఊరి కబుర్లన్నదీ నేనే. గ్లోరి ఆ వాక్యాన్ని పరిశ్రమల కిందకి జరిపిందే తప్ప ఒక్క మాట మార్చలేదు, మా తాత పేరు, ఎడ్లబండ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. చదివుంటే గుర్తుపట్టేవాణ్ణి. ఎదుటివాళ్ల తప్పులు వెతికేవాడికి చదివే తీరిక ఎక్కడుంటుంది.

అయితే నా దగ్గర ఒక ఆధారం ఉంది. అయిదేళ్ల కిందట ఒక పేపరు జిల్లా పేజీలో మా ఊరి మీద చిన్న వ్యాసం వచ్చింది. అందులో మా తాత, 1937, మద్రాసు ఇంజను, ఎడ్లబండ్లు అన్నీ ఉన్నాయి. మురిసిపోయి లామినేషన్ చేయించి కొట్లో గల్లాపెట్టె వెనక పెట్టుకున్నాను. రాసిన విలేకరి మా కొట్టుకే వచ్చి, 'మీ వికీలో చూసే రాశానండి' అని చెప్పి టీ తాగి వెళ్లాడు. అంటే నేను రాసిందే వాళ్లు వేశారు. ఇప్పుడు వాళ్లు వేసింది నాకు సాక్ష్యం. ఎడ్లబండ్లే అందుకు గుర్తు, అవి నా తలకాయలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాలేదు. అదంతా తెలిసే ఆ కటింగుని మూలంగా పెట్టి చీటీ తీసేశాను. సాయికుమార్ ధన్యవాదాలు చెప్పి, వచ్చే సోమవారం వ్యాసం మొదటి పేజీకి వెళ్తుందన్నాడు.

మర్నాడు సాయంత్రం స్కూలు వదిలాక గ్లోరి కొట్టుకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. పద్మజ కూడా ఉంది, కుక్కర్ గాస్కెట్ కోసం వచ్చి కూర్చుంది. గ్లోరి మామూలుగా వస్తే గలగలా మాట్లాడుతుంది. ఆ రోజు స్టూలు మీద కూర్చుని కవరు ఒళ్లో పెట్టుకుని, మిల్లు వాక్యానికి మూలం దొరికితే బాగుంటుందని పది రోజులుగా తిరిగానని నెమ్మదిగా చెప్పింది. మీ మొదటి వాక్యం కదండీ, చీటీతో ఉంటే బాగుండదనిపించింది అంది. తను అలా తిరుగుతున్నన్నాళ్లూ నేను దాన్ని ఆ అమ్మాయి వాక్యం అనుకుని సంబరపడుతున్నాను.

ఎ.కొండూరు అవతల శౌరయ్య అని ఎనభై ఏళ్లు దాటిన ముసలాయన ఉన్నాడట. వాళ్ల నాన్న జోజప్ప ఆ మిల్లులో ఇంజను డ్రైవరు. ట్రంకు పెట్టెలో బైబిలు కింద మిల్లు రజతోత్సవ సంచిక దాచుకున్నాడు, 1962లో అచ్చయింది. గ్లోరి ఆ పుస్తకం నా చేతికిచ్చింది. 1937లో మిల్లు పెట్టింది వెంకటకృష్ణారావు అనే ఆయన. ఇంజను బెజవాడ నుంచి లారీలో వచ్చింది. ఇరవై పేజీలు రెండుసార్లు తిరగేశాను. మా తాత పేరు ఎక్కడా లేదు.

"చివరి పేజీలో ఫోటో ఉంది చూడండి గురువుగారూ" అంది.

మిల్లు ముందు ఏడెనిమిది మంది నిలబడ్డారు. కుడి నుంచి రెండో మనిషి కాటా మీద చెయ్యేసుకుని, ఎవరో జోకు వేసినట్టు నవ్వుతున్నాడు. శౌరయ్య చూపించాడట, ఈయన పిచ్చయ్య గుమాస్తా, మా నాన్నకి మంచి స్నేహితుడు అని. పద్మజ వంగి చూసి, చెవులు మీవేనండి అంది.

గుమాస్తా. మా నాన్న అబద్ధం చెప్పాడని నేననుకోను. మా తాత రోజూ ఇంటికొచ్చి 'మా మిల్లు' అనేవాడట. మా బజార్లో కూడా అంతే, బట్టల కొట్లో మూర కొలిచేవాడు 'మా షాపు' అంటాడు. విన్న పిల్లాడు మిల్లు తమదే అనుకున్నాడు, పెద్దయ్యాక నాకు చెప్పాడు. నేను లోకానికి చెప్పాను.

సిగ్గు పడాల్సిన సమయం కదా. పడ్డాను, తర్వాత. ముందు వచ్చింది కుళ్లే, ఉన్నమాట చెబుతున్నాను. యాభై ఏడేళ్లు వచ్చాయి, మా తాత ముఖం నేను చూడలేదు, మా నాన్న పోయేదాకా ఒక్క ఫోటో దొరికితే బాగుండునని అంటూనే ఉన్నాడు. అలాంటిది ఈ పిల్ల ఆదివారం ఆటో ఎక్కి వెళ్లి చూసొచ్చింది. మా తాత కూడా నాకంటే ముందు ఆ అమ్మాయికే దొరికాడు.

"దీన్ని నేను ఎక్కడా పెట్టలేదండి. ఎవరికీ చెప్పలేదు కూడా. పేపరు కటింగు పెట్టారుగా, అలాగే ఉంచుతానంటే మీ ఇష్టం" అంది. నా ముఖం చూడకుండా కటింగు వైపు చూస్తూ అంది. ఎడ్లబండ్ల సంగతి ఆ అమ్మాయికి అర్థమైపోయిందని నాకు అర్థమైంది. పుస్తకం నా దగ్గరే వదిలి వెళ్లిపోయింది.

కాసేపు బేరం చూసుకుంటున్నట్టు నటించాను. పద్మజ కదల్లేదు. గాస్కెట్ చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఆ పిల్ల చెప్పదు లెండి" అంది చివరికి. "మీరు నేర్పినట్టే నేర్చుకుని, ఇప్పుడు మీ కోసమే తప్పుతోంది. చూసుకోండి మరి."

మూడేళ్లలో గ్లోరి మూలం లేని మాట ఒక్కటి రాసి ఎరగదు. నా మీద మర్యాద కొద్దీ మొదటిసారి ఒక అబద్ధాన్ని చూసీచూడనట్టు వదిలేస్తోంది. పద్నాలుగు చీటీలతో నేను చెడగొట్టలేని పనిని ఇప్పుడు నోరు మూసుకుని చెడగొట్టగలను. ఆ ఆలోచన కూడా ఒక్క నిమిషం రుచిగానే ఉంది, దాచడమెందుకు.

కంప్యూటర్ ముందుకి జరిగాను. పన్నెండేళ్ల కిందటి నా మొదటి వాక్యం తీసేశాను. వెంకటకృష్ణారావు పేరు రాసి, సంచికని మూలంగా పెట్టాను. దిద్దినప్పుడు కారణం రాయడానికి ఒక చిన్న గడి ఉంటుంది. అందులో ఇలా రాశాను: 'పాత వాక్యం తప్పు, రాసింది నేనే. పేపరు కటింగు నా వాక్యం చూసి రాసింది కాబట్టి అది మూలం కాదు. అసలు మూలం కనుక్కున్నది గ్లోరి గారు.' ఆ చివరి రెండు అక్షరాల పేరు కొట్టడానికి పట్టినంత సేపు నాకు ఏ బిందె మీదా పట్టలేదు.

శనివారానికి ఆ దిద్దుబాటు చూసి నలుగురు మెచ్చుకున్నారు. ఆరో పతకం వచ్చింది, గ్లోరికి, మూలం కనుక్కున్నందుకు. నేను మళ్లీ ఆ అమ్మాయి పేజీ తెరిచి లెక్కపెట్టాను. మనిషి ఒక్క వాక్యం దిద్దుకున్నంత మాత్రాన మారిపోతాడా ఏంటి.

ఆ సాయంత్రమే గ్లోరి మళ్లీ వచ్చింది. ఈసారి గలగలా మాట్లాడుతూనే వచ్చింది. ఫోటో అచ్చయి అరవై ఏళ్లు దాటింది కాబట్టి హక్కుల గొడవ లేదని, వ్యాసంలో పెడితే మొదటి పేజీ మీద కూడా కనబడుతుందని చెప్పింది. నా కంప్యూటర్లోనే తన ఖాతా తెరిచి ఫోటో ఎక్కించింది. దాని కింద ఏం రాయాలి అన్న దగ్గర ఆగింది.

"కుడి నుంచి రెండో ఆయన గుమాస్తా చినపిచ్చయ్య గారు అని రాయమంటారా? శౌరయ్య గారు చెప్పింది ఫోన్లో రికార్డు చేశాను."

రాయమనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క పేరు. తెలుగు వాళ్లందరి ముందూ ఒక్క వారం. ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఆ అమ్మాయి అసలే చెప్పదు.

"నోటి మాట మూలం కాదమ్మా" అన్నాను. "పుస్తకంలో ఫోటో కింద ఏముంది?"

గ్లోరి చివరి పేజీ తీసింది. నేనూ ఆ రోజు ఫోటో చూశాను గానీ కింద చదవలేదు. పైకి చదివింది: "'యజమాని వెంకటకృష్ణారావు, తదితరులు.'"

చదివి నా వైపు చూసింది. ఏప్రిల్లో చర్చ పేజీ తనూ చూసే ఉంటుంది.

"అదే రాయి" అన్నాను.

టైపు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఈసారి గ్లోరి మీద కోపం రాలేదు, సాయికుమార్ మీదా రాలేదు. మా తాతని చూస్తే మాత్రం కొంచెం కుళ్లు పుట్టింది. ఆ మాట నెత్తిన పడినా, కాటా మీద చెయ్యేసుకుని ఎంత హాయిగా నవ్వుతున్నాడో.